మంచం కింద బొగ్గుబాయి

(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మగపిల్లల పెంపకం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరినప్పుడు, అంత పెద్ద విషయం మీద మాట్లాడటానికి మాకున్న అర్హత ఏమిటని అడిగాము. "మీకు ముగ్గురు కొడుకులు గదా!" అన్నారు. మూడుసార్లు ఫెయిలైనవాణ్ణి పిలిచి పరీక్షల గురించి చెప్పమన్నట్టుంది. అయినా పెద్దల మాట కాదనలేక ఒప్పుకున్నాము. ఈ మాటలు మా ఇద్దరివీ. మైకు ముందు నిలబడింది ఒక్కరే అయినా, రాసిన కాగితం రెండోవారి చేతికి పోయి, మూడు చోట్ల కొట్టివేతలు, రెండు చోట్ల "ఇట్ల కాదు జరిగింది" అనే దిద్దుబాట్లు పడిన తర్వాతనే ఇక్కడికి వచ్చింది. కాబట్టి 'మేము' అన్నప్పుడల్లా మాలో బాయికి పోయినవారు, ఇల్లు నడిపినవారు ఇద్దరమూ అని గ్రహించగలరు.

మన గోదావరిఖని సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. బొగ్గు దొరికింది కాబట్టి పుట్టిన ఊరు. ఈ ఊళ్ళో పొద్దు చూసి టైము చెప్పేవారు తక్కువ, సైరన్ విని చెప్పేవారు ఎక్కువ. ఫస్టు షిఫ్టు, సెకండు షిఫ్టు, నైటు షిఫ్టు. తండ్రి ఒక వారం పిల్లలకు పొద్దున కనపడడు, ఒక వారం సాయంత్రం కనపడడు, ఇంకో వారం పగలంతా కనపడతాడు గాని నిద్రలో కనపడతాడు. ఇక కంపెనీ క్వార్టర్ అంటే రెండు గదులు, ఒక వంటిల్లు. అందులో ముగ్గురు మగపిల్లలు. లెక్క మీరే వేసుకోండి.

నైటు షిఫ్టు వారం వచ్చిందంటే మా ఇల్లు ఆస్పత్రి అయ్యేది. "అబ్బా వన్నడు, సప్పుడు చేస్తే తోలు తీస్త" అనేది ఆ వారానికి మా ఇంటి చట్టం. ఆ చట్టాన్ని ప్రకటించే గొంతే ఇంట్లో అన్ని సప్పుళ్ళకంటే పెద్దగా ఉండేదని మాలో బాయికి పోయినవారు ఇప్పటికీ వాదిస్తారు. ఈ వాక్యం కొట్టివేయమని రెండోవారు పట్టుబట్టారు గాని, సభలో నిజమే చెప్పాలి కదా.

పిల్లలు ఆ చట్టాన్ని పాటించలేదని అనలేము. పాటించే మూగ క్రికెట్ కనిపెట్టారు. బట్టలుతికే కట్టె బ్యాటు, గుడ్డపేలికలు చుట్టిన ఉండ బంతి. అవుట్ అయితే ఇద్దరూ చేతులు పైకెత్తి, నోరు తెరిచి, గొంతు మాత్రం రానీయకుండా అరవాలి. అవుటైనవాడు ఒప్పుకోడు కదా! అప్పుడు గుసగుసగా కొట్లాట మొదలయ్యేది. మనుషులు గుసగుసల్లో కూడా అంత బాగా తిట్టుకోగలరని మాకు అప్పుడే తెలిసింది.

ఒకనాడు నడిపివాడు కొట్టిన దెబ్బకు బంతి పోయి వంటింట్లో సిల్వర్ బిందెకు తగిలింది. ఆ బిందె తన మూతనూ, పక్కనున్న రెండు గిన్నెలనూ వెంట తీసుకొని గడప దాకా దొర్లింది. నిద్రలో ఉన్నాయన దిగ్గున లేచి, "రూఫ్ పడ్డదా?" అని అరుస్తూ, లుంగీ ఒక చేత్తో పట్టుకొని వాకిట్లోకి ఉరికారు. బయట ఎండలో నిలబడి, చుట్టూ చూసి, ఇది ఇల్లని తెలుసుకొని, మళ్ళీ వచ్చి పడుకున్నారు. పిల్లలు వారం రోజులు పడి పడి నవ్వారు. తర్వాత ఇంట్లో చెంచా పడ్డా సరే, ముగ్గురూ ఒక్కసారే "రూఫ్ పడ్డదా?" అనేవారు. మేమూ నవ్వాము. ఆ మాట నిద్రలో ఎందుకు వచ్చిందని మేమెవ్వరమూ ఆనాడు ఆలోచించలేదు.

రంజాన్ నెల సంగతి కూడా ఒకటి చెప్పాలి. నడిపివాడికి ఎనిమిదో ఏట, అన్నతో సమానంగా తానూ రోజా ఉంటానని పట్టు. సరేనన్నాము. జొహర్ దాకా బాగానే ఉన్నాడు. ఆ తర్వాత వానికి భక్తి మరీ పెరిగింది. పావుగంటకొకసారి వుజూ చేసుకుంటానని నల్లా దగ్గరికి పోతున్నాడు. పుక్కిలించిన నీళ్ళు బయటికి వస్తున్నాయా అని చిన్నవాణ్ణి కాపలా పెట్టాము. కాపలాదారు వచ్చి చెప్పిన రిపోర్టు ఇది: "అమ్మీ, లోపలికి పోయినన్ని బయటికి వస్తలేవు." సాయంత్రం ఇఫ్తార్‌కు అందరికంటే ముందు ఖర్జూరం పట్టుకొని కూర్చున్నది మాత్రం నడిపివాడే.

ఇక మంచం కింది బాయి. మాలో బాయికి పోయినవారి పాత హెల్మెట్ ఒకటి ఇంట్లో ఉండేది. బాయి చూపించమని ముగ్గురూ ఎప్పుడూ ప్రాణం తీసేవారు. "18 ఏళ్ళు నిండనివాళ్ళను గనిలో పనికి పెట్టవద్దని చట్టం ఉన్నది, 1983లో చట్టం మార్చి మరీ రాసిండ్రు" అని చెబితే, పెద్దవాడు "పని చేయం, చూసి వస్తం" అన్నాడు. ఎట్లాగూ చూపించడం లేదని నవారు మంచం కిందనే బాయి తెరిచారు. దుప్పటి రెండు వైపులా దించితే లోపల చీకటి. పెద్దవాడు ఓవర్‌మన్, హెల్మెట్ వానిదే. నడిపివాడు హాలర్ డ్రైవర్, తాడు వాని చేతిలో. చిన్నవాడు బొగ్గు. చాటలో కూర్చోబెట్టి తాడు కట్టి ఇటునుంచి అటు లాగేవారు. పొద్దున మస్టరు పడేది, సాయంత్రం ఉత్పత్తి లెక్క రాసేవారు. ఉత్పత్తి ఎప్పుడూ ఒకటే, ఎందుకంటే చిన్నవాడు ఒక్కడే.

1998లో మన సింగరేణిలో గుర్తింపు సంఘానికి మొదటిసారి ఎన్నికలు జరిగినప్పుడు గల్లీల నిండా జెండాలు, జీపులు, నినాదాలు. మా పిల్లలు అన్ని సంఘాల ఊరేగింపులకూ న్యాయంగా హాజరయ్యారు. ఆ ఎన్నికల తర్వాతనే మంచం కింది బాయిలో మొదటి సమ్మె జరిగింది. నాలుగేళ్ళ చిన్నవాడు చాటలోంచి దిగి, నడిమింట్లో కూర్చొని, "ఎప్పుడు నేనే బొగ్గా?" అని అడిగాడు. నిజానికి ఇంతకంటే న్యాయమైన డిమాండు మేము ఏ గేట్ మీటింగులోనూ వినలేదు. మూడు రోజులు బాయి మూతపడింది. చివరికి వాళ్ళ దాదీ మధ్యవర్తిగా కూర్చొని, వారానికి రెండు రోజులు చిన్నవాడు డ్రైవరుగా, పెద్దవాడు బొగ్గుగా ఉండాలని ఒప్పందం చేయించింది. పెద్దవాడు చాటలో పట్టలేదు, చాట విరిగింది. ఆ నష్టం యాజమాన్యం, అంటే మేము భరించాము.

ఇవన్నీ చెబుతుంటే మీరు నవ్వుతున్నారు. మేమూ చాలా ఏళ్ళు ఇట్లాగే నవ్వుకుంటూ చెప్పుకున్నాము. కాని ఈ కథలో మేము తప్పు చేసిన ఘట్టం ఒకటున్నది. ఈరోజు ఇక్కడికి వచ్చింది దాని కోసమే.

మగపిల్లలు పడ్డా, దెబ్బ తగిలినా, చీకటికి జడిసినా మా నోటి నుంచి వచ్చే మాట ఒక్కటే: "మొగపిల్లగానివి, ఏడుస్తవా?" ఈ మాట మేము కనిపెట్టింది కాదు, మా పెద్దలూ అన్నదే. బాయిలో భయం ఉంటుందా అని పిల్లలు అడిగితే, "ఏం భయం? మన ఇంట్ల ఉన్నట్టే" అని చెప్పేవాళ్ళము. అల్లరి చేస్తే తిట్టేవాళ్ళము, చెప్పకుండా కూర్చుంటే మెచ్చుకునేవాళ్ళము.

2003 జూన్ 16. ఆ తేదీ మన ఊరికి చెప్పనక్కరలేదు. గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్ళు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. మాలో బాయికి పోయినవారు పనిచేసేది వేరే గనిలో. క్షేమంగానే ఇంటికి వచ్చారు. కాని ఆ రోజు ఇంట్లో వండిన అన్నం వండినట్టే ఉన్నది. పిల్లలను పక్కింటికి పంపి, తలుపు దగ్గరికి వేసుకొని మాట్లాడుకున్నాము. వాళ్ళకేం తెలుసు, చిన్నవాళ్ళు అనుకున్నాము.

ఆ తర్వాత చిన్నవాడు మంచివాడయ్యాడు. అప్పుడు వానికి తొమ్మిదేళ్ళు. కొట్లాటలు లేవు, అరుపులు లేవు. బిందె దొర్లలేదు. మంచం కింది బాయిని తానే విప్పి, హెల్మెట్ తుడిచి అటక మీద పెట్టాడు. "వీనికి బుద్ధొచ్చింది" అని వచ్చిన చుట్టాలందరికీ సంతోషంగా చెప్పాము. రెండు చోట్ల మాత్రం వాని మీద కోపం వచ్చింది. ఒకటి, బడిలో నిద్రపోతున్నాడని టీచరు డైరీలో రాసి పంపారు. మందలించాము. రెండోది, ఒకనాడు డ్యూటీలో తినడానికి సంచి తెరిస్తే, టిఫిన్ డబ్బా కింద మడతపెట్టిన సైకిల్ ట్యూబు. పక్కనున్న కార్మికులు ఒకటే నవ్వు. "భాభీ కూర బదులు ట్యూబ్ పెట్టిందా?" అని. ఇంటికి వచ్చి ఎవరి పని అని అడిగితే, చిన్నవాడు తలవంచుకున్నాడు. ఎందుకు చేశావంటే నోరు విప్పలేదు. రెండు దెబ్బలు పడ్డాయి. ఏడవలేదు. మొగపిల్లవాడు కదా.

పక్క లైన్లో టింబర్‌మన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. పిల్లలందరూ చాచా అనేవారు. ఒకరోజు చాయ్ తాగుతూ, "ఏం, మీ ఇంట్ల సప్పుడు లేదు?" అన్నారు. "మావాడు మారిండు చాచా" అని గొప్పగా చెప్పాము. ఆయన చాయ్ కప్పు కింద పెట్టి అన్న మాటలు మాకు ఇప్పటికీ గుర్తు: "బాయిల రూఫ్ కింద కర్ర నిలబెడ్తం గదా. మీద బరువు దిగుతుంటే కర్ర కిర్రుమంటది, పటపటమంటది. సప్పుడు చేసిందంటే మనకు చెప్తున్నదన్నట్టు, జరుగుండ్రి అని. సప్పుడు జేసే కర్రతోని ఎప్పుడు మేలే. ఊకున్న రూఫ్‌నే కట్టెతోని కొట్టి చూడాలె. మీ పోరణ్ణి కొట్టి చూసిండ్రా?"

బాయి సంగతి తెలియని సోదరీమణుల కోసం చెబుతున్నాము. గనిలో పైకప్పును కర్రతో తట్టి చూస్తారు. ఠంగుమని గట్టిగా మోగితే బాగున్నట్టు. డొల్లగా మోగితే పైన పొర విడివడినట్టు. చూడటానికి రెండూ ఒకటే మాదిరి నున్నగా ఉంటాయి. చెవి పెడితేనే తేడా తెలిసేది. చాచా కొట్టమన్నది ఆ కొట్టడం. మేము అప్పటికే కొట్టింది వేరే కొట్టడం.

ఆ రాత్రి మాలో ఇంట్లో ఉన్నవారు నిద్రపోకుండా చూశారు. నైటు షిఫ్టు వారం అది. అర్ధరాత్రి దాటాక చూస్తే చిన్నవాడు పక్క మీద లేడు, తలుపు దగ్గర మోకాళ్ళు ముడుచుకొని కూర్చున్నాడు. నిద్ర ఊగుతున్నాడు, లేస్తున్నాడు. ఏమైందిరా అంటే ఏం లేదన్నాడు. రెండోసారీ అదే జవాబు. ఇంక ఏమీ అడగకుండా పక్కన కూర్చుంటే, చాలాసేపటికి వాడే అడిగాడు: "అమ్మీ, అబ్బాకు ఈతొస్తదా?"

ఆ ట్యూబు అల్లరి కాదు. సైకిల్ షాపు వెనక పారేసింది ఏరుకొచ్చి, గాలి నిలుస్తుందా లేదా అని బకెట్ నీళ్ళలో ముంచి చూసి, వాడు అబ్బా సంచిలో పెట్టాడు. నీళ్ళొస్తే ఊది వేసుకుంటాడని. ముందు చెబితే మేము భయపడతామని చెప్పలేదట. మొగపిల్లవాడు భయపడవద్దని మేమే నేర్పాము, వాడు మా భయం కూడా తానే దాచుకున్నాడు. మేము దానికి బుద్ధి అని పేరు పెట్టాము. ఇరవై దినాలు.

తెల్లవారి డ్యూటీ నుంచి వచ్చిన తర్వాత ఇద్దరమూ వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకున్నాము. ఈసారి "ఏం భయం లేదు" అని చెప్పలేదు. ఈత రాదని చెప్పాము. బాయిలో భయమవుతుందని, అందుకే జాగ్రత్తలుంటాయని చెప్పాము. బయటికి రావడానికి రెండు దారులుండాలని నియమం, పని మొదలుకు ముందు సర్దారు వచ్చి గాలినీ కప్పునూ చూడాలని నియమం, పాత నీళ్ళున్న తావు దగ్గరికి పోతుంటే ముందుగా బోర్లు వేసి చూసుకుంటూ పోవాలని నియమం, ఇవన్నీ చెప్పాము. అంతా విని, "అందరు అట్ల చేస్తరా?" అన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు అడిగిన ఆ ప్రశ్నకు "చేయాలె" అని మాత్రమే చెప్పగలిగాము. అబద్ధం చెప్పి నిద్రపుచ్చే వయసు వానికి దాటిపోయిందని అప్పుడు అర్థమైంది.

నిద్రలో "రూఫ్ పడ్డదా?" అని ఎందుకు అరిచారో కూడా ఆ రోజే చెప్పాము. ముగ్గురూ విన్నారు. నవ్వలేదు. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో ఆటకు వాడలేదు.

ఒక ఒప్పందం చేసుకున్నాము. డ్యూటీ నుంచి రాగానే టిఫిన్ డబ్బాతో తలుపును రెండుసార్లు కొట్టాలి. ఆ సప్పుడు వింటే చాలు, తలుపు దగ్గర కాపలా అక్కరలేదు, పడుకోవచ్చు. కొన్నాళ్ళు రెండు దెబ్బలకూ లోపలినుంచి "విన్న" అని జవాబు వచ్చేది. కొన్నాళ్ళకు జవాబు రాలేదు, గురక వచ్చింది. ఆ గురక విని మాలో ఒకరు వాకిట్లోనే కాసేపు కూర్చుండిపోయారు. ఎవరని అడగకండి, ఆ సంగతి మాత్రం ఇద్దరమూ కలిసి కొట్టివేశాము.

వర్షాలు పడ్డాక ఒక మధ్యాహ్నం, నైటు షిఫ్టు వారంలోనే, వంటింట్లో బిందె మళ్ళీ దొర్లింది. ఈసారి మూతతో పాటు పప్పు గిన్నె కూడా. వెంటనే గొంతు చించుకొని కొట్లాట. నిద్ర చెడి లేచినాయన చెప్పు వెతుక్కుంటూ రెండడుగులు వేసి, ఆ అరుపుల్లో చిన్నవాని గొంతు గుర్తుపట్టి, ఆగి, వెనక్కి వచ్చి పడుకున్నారు. ఆనాడు పట్టినంత నిద్ర ఆ ఏడాదిలో మరెప్పుడూ పట్టలేదట.

పెద్దలారా, మా అనుభవం నుంచి చెప్పదలచింది ఇంతే. మగపిల్లల అల్లరిని భరించడానికి ఓపిక కావాలి, నిజమే. దండించవలసిన అల్లరీ ఉంటుంది, కాదనము. కాని వాళ్ళ సప్పుడు కంటే వాళ్ళ సప్పుడు లేనితనాన్ని ఎక్కువ కనిపెట్టి ఉండాలి. ఈరోజుల్లో ఏ ఇంట్లో చూసినా పిల్లవాని చేతిలో ఫోను, మూలకు కూర్చున్నాడు, ఇల్లు నిశ్శబ్దం. "మావాడు చాలా బుద్ధిమంతుడు, అలికిడే ఉండదు" అని తల్లిదండ్రులు సంతోషపడుతున్నారు. మేమూ ఇరవై దినాలు అట్లాగే సంతోషపడ్డవాళ్ళము కాబట్టి చెబుతున్నాము, ఒక్కసారి తట్టి చూడండి. మొదటిసారి "ఏం లేదు" అంటాడు. రెండోసారీ అంటాడు. మూడోసారి అడగకండి, పక్కన కూర్చోండి.

ఇంకొక మాట. వెనుకట మన బస్తీల్లో "చదువు రాకపోతే బాయి ఉన్నదిలే" అని కొడుకుల గురించి నిశ్చింతగా అనేవారు. 1990 దశకం మొదట్లో లక్షకు పైగా కార్మికులున్న కంపెనీ ఇది. ఇప్పుడు 40 వేల దరిదాపులో ఉన్నారు. కాబట్టి ఈ కాలపు పిల్లల గుండెల మీద ఏం బరువున్నదో మన కాలపు లెక్కతో తెలియదు. వాళ్ళనే అడగాలి. అడిగితే చెప్పే ధైర్యం రావాలంటే, "మొగపిల్లగానివి, ఏడుస్తవా?" అనే మాట మన ఇళ్ళల్లోంచి పోవాలి.

మా పిల్లల సంగతి అడుగుతారని తెలుసు. పెద్దవాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. నడిపివాడు దుబాయిలో ఉన్నాడు, ఇప్పుడు రోజాలు సక్రమంగానే ఉంటున్నానని ఫోనులో చెబుతాడు, కాపలాకు మనిషి లేడు కాబట్టి నమ్ముతున్నాము. చిన్నవాడు, ఎవరూ ఊహించని విధంగా, మైనింగ్ డిప్లొమా చదివి బాయికే పోతున్నాడు. వద్దంటే, "అందరు అట్ల చేస్తరా అని నేనే చూసుకుంట" అన్నాడు. ఇంక ఏమనగలము? పెద్దవాని బిడ్డ, మా మనవరాలు, సెలవులకు వచ్చినప్పుడు అటక మీది హెల్మెట్ దింపించుకుంది. 2019 నుంచి ఆడవాళ్ళు కూడా భూగర్భ గనుల్లో పనిచేయవచ్చని అనుమతి వచ్చిందని చిన్నాన్న చెప్పాడట. ఇప్పుడు మంచం కింద మేనేజర్ ఆమెనే. బొగ్గు మేము.

చిన్నవానికి ఈ వారం నైటు షిఫ్టు. ఇప్పుడు తెల్లవారేదాకా నిద్రపట్టనిది మాకు. డ్యూటీ నుంచి వచ్చి వాడు ఇప్పటికీ డబ్బాతో తలుపును రెండుసార్లు కొడతాడు. లోపలినుంచి ఇద్దరమూ "విన్నం" అంటాము.

 మేము మాట్లాడినంతసేపూ వెనక వరుసల్లో ఆగకుండా లొల్లి చేసిన పిల్లలకు కృతజ్ఞతలు. వాళ్ళను ఎవరూ తిట్టవద్దని మనవి.